పక్షవాతానికి ఆక్యుపంక్చర్: సూదులు గుచ్చితే చెయ్యి లేస్తుందా?

మన శ్రీకాకుళం జిల్లాలో ఎవరికైనా కాలూ చెయ్యీ పడిపోయిందంటే, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారం తిరక్కుండానే సలహాలు మొదలవుతాయి. "ఫలానా చోట సూదులు గుచ్చుతున్నారట, మావయ్యని ఒకసారి తీసుకెళ్లండి" అంటారు. తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్లొచ్చు. కానీ ఎప్పుడు, ఏ వైద్యంతో పాటు అన్నది ముందు తెలియాలి.

మూతి వంకర పోయినా, ఎత్తిన చెయ్యి జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా అది సూదుల సమయం కాదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందా, నాళం చిట్లిందా అన్నది సీటీ స్కాన్‌లోనే తేలుతుంది. గడ్డ అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి పెద్దాసుపత్రికి చేరేసరికి అందులో చాలా భాగం రోడ్డు మీదే అయిపోతుంది. ఇక నాటు వైద్యానికి టైమ్ ఎక్కడిది?

[క్లోజప్: సన్నని సూది]

ఆక్యుపంక్చర్ చైనా వైద్యం. ఈ సూదిలో మందు ఉండదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో, మోకాలి కింద, తల మీద గుచ్చి దాదాపు అరగంట ఉంచుతారు. కొందరు సన్నగా కరెంటు కూడా పెడతారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి అది వద్దు.

పని చేస్తుందా? 2016లో, వైద్య పరిశోధనల్ని పోల్చి చూసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 31 పరిశోధనల్ని, 2,257 మంది రోగుల వివరాల్ని కలిపి చూసింది. కొంత మేలు ఉండొచ్చు, పెద్ద హాని కనిపించలేదు అంది. అయితే వాటిలో చాలావరకు నాణ్యత లేని చిన్న పరిశోధనలు కాబట్టి, అందరికీ చేయించమని చెప్పడానికి ఆ ఆధారం చాలదంది.

"మా ఊళ్లో ఒకాయనకి సూదులతోనే నడక వచ్చింది" అంటారు. నడక వచ్చే ఉంటుంది. మొదటి మూడు నెలల్లో మెదడు తనంతట తానే చాలా కోలుకుంటుంది, దెబ్బతిన్న చోటి పనిని వేరే భాగాలు నేర్చుకుంటాయి. ఆ నెలల్లో ఏ వైద్యం చేయిస్తే పేరు దానికే పోతుంది. సూదికీ పోతుంది, నూనె మర్దనకీ పోతుంది, పావురం రక్తానికీ పోతుంది. మెదడు నేర్చుకోవాలంటే మాత్రం రోజూ పదేపదే పని చేయించాలి. గ్లాసు పట్టించాలి, కుర్చీలోంచి లేపి నిలబెట్టాలి. ఫిజియోథెరపీ చేసేది అదే. ఆ మూడు నెలలు దాన్ని వదిలేసి తిరిగితే నాకు నిజంగా బాధేస్తుంది.

[క్లోజప్: భుజం]

చాలా ఇళ్లలో పడిపోయిన చేతిని పట్టుకునే మనిషిని లేపుతారు. దయచేసి అలా లాగకండి. పట్టు తప్పిన కండలు భుజం కీలును ఆపలేవు. కీలు జారితే నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు ఆ మోచేతి కింద దిండు పెట్టండి.

సూదులకి వెళ్తే, ప్రతిసారీ కొత్త ప్యాకెట్ మీ కళ్ల ముందే విప్పమనండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. స్పర్శ లేని చోట వేడి పెట్టనివ్వకండి, కాలినా తెలీదు. ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా చాలామందికి హెపారిన్ ఇస్తారు, కాబట్టి కిడ్నీ డాక్టర్ని అడక్కుండా వెళ్లొద్దు. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, ఉన్న చేతిలో అసలు గుచ్చనివ్వొద్దు.

బీపీ మాత్రలు ఆపేస్తేనే సూది పని చేస్తుందని ఎవరైనా అంటే, అక్కడి నుంచి వెంటనే వచ్చేయండి.