టీబీ బిడ్డకు టానిక్ కావాలా?

శ్రోతలకు నమస్కారం. పిల్లాడికి టీబీ అని తేలి మందులు రాయగానే తల్లి అడిగే మాట ఒకటుంది: "బలానికి ఏదైనా టానిక్ కూడా రాయండి డాక్టరుగారూ." బక్కచిక్కిన బిడ్డను చంకనెత్తుకున్న తల్లి అలా అడగక ఇంకేం అడుగుతుంది?

టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌లో ఈ సంగతే పరీక్షించి చూశారు. అయిదేళ్ళలోపు పిల్లలు 255 మంది, అందరూ టీబీ మందుల మీదున్నవాళ్ళే. కొందరికి మందులతోపాటు విటమిన్లు, కొందరికి విటమిన్ లేని ఉత్తుత్తి మందు. ఎనిమిది వారాలయ్యాక చూస్తే విటమిన్లు వాడిన పిల్లల్లో హిమోగ్లోబిన్ మెరుగ్గా పెరిగింది. బరువులో మాత్రం, అందరినీ కలిపి లెక్కేస్తే, చెప్పుకోదగ్గ తేడా లేదు.

అయితే ఒక్క విటమిన్ కథ వేరు. అది బి6. నాకు భలే ఇష్టమైన కథ ఇది.

టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ అని ఒకటుంది. 1952 నుంచీ వాడుకలో ఉన్న గట్టి మందు. టీబీ క్రిమిని చంపుతుంది, కానీ పోతూపోతూ ఒంట్లోని బి6ను కూడా పట్టుకుని మూత్రంలో బయటికి లాక్కుపోతుంది. బి6 తగ్గితే నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళలో తిమ్మిరి, మంట. పెద్దవాళ్ళయితే చెబుతారు. ఏడాది పిల్లాడు ఎలా చెబుతాడు? ఏడుస్తాడు, అంతే.

తిండి సరిగా అందని పిల్లలకు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు, తల్లిపాలు తాగే పసికందులకు ఈ ప్రమాదం ఎక్కువ. అందుకే వాళ్ళకు డాక్టర్లు బి6 విడిగా రాస్తారు. అది టానిక్ కాదు, చికిత్సలో భాగం. టానిక్ అనుకుని మానేయకండి. చక్కగా తినే పిల్లలందరికీ అది అక్కర్లేదు కూడా.

ఇంకో తమాషా. బి6 తక్కువైతేనే కాదు, బాగా ఎక్కువైనా నరాలకు చేటే! డాక్టరు రాసింది ఒకటి, కొట్లో కొన్నది ఒకటి, పక్కింటివాళ్ళు ఇచ్చింది ఇంకొకటి... మూడింట్లోనూ బి6 ఉండొచ్చు.

కాబట్టి ఈసారి ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఇంట్లో బిడ్డకు పడుతున్న సీసాలు, మాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళండి. ఖాళీ సీసా అయినా సరే. దేంట్లో ఎంతుందో లేబుల్ చూసి డాక్టరే లెక్క కడతారు. నమస్కారం.