మొదటి మంచి షీటు ఎప్పుడు వచ్చింది?

నమస్కారం. వాణిజ్య ముద్రణ గురించిన ఈ రోజు మాటలను ఒక పాడైపోయిన షీటుతో మొదలుపెడతాను.

1904. అమెరికాలోని న్యూజెర్సీలో ఐరా రూబెల్ అనే ముద్రాపకుడు లితో ప్రెస్సు, అంటే నీరూ జిడ్డు ఇంకూ కలవకపోవడం మీద ఆధారపడి అచ్చు వేసే ప్రెస్సు, నడుపుతున్నాడు. అప్పట్లో ప్లేటు మీది అచ్చు నేరుగా కాగితం మీద పడేది. కాగితాన్ని వెనకనుంచి అదిమే సిలిండరుకు రబ్బరు తొడుగు ఉండేది. ఎప్పుడైనా ఒక షీటు అందించడం తప్పిపోతే ప్లేటు మీది ఇంకు ఆ రబ్బరుకు అంటుకునేది. తరువాత వచ్చిన షీటుకు ముందూ వెనకా అచ్చు పడేది. అలాంటి షీటును మనం ఏమి చేస్తాం? నలిపి పక్కన పడేస్తాం. రూబెల్ దాన్ని తిప్పి చూశాడు. ప్లేటు నుంచి నేరుగా పడిన అచ్చు కంటే, రబ్బరు మీదుగా వెనకవైపు పడిన అచ్చు స్ఫుటంగా ఉంది. ఇక అచ్చును కావాలనే రబ్బరు మీదుగా కాగితానికి ఎక్కించే ప్రెస్సు తయారు చేశాడు. రేకుల మీద ముద్రించడానికి ఇంగ్లండులో రాబర్ట్ బార్క్లే 1875లోనే ఇలాంటి పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. కానీ రబ్బరు మీదుగా సాగే ఈ ఆఫ్‌సెట్ ముద్రణ కాగితం మీద ఇంతగా పెరగడానికి దారి వేసింది మాత్రం, చెత్తలోకి పోవాల్సిన ఆ షీటే.

ఇప్పుడు మీ ప్రెస్సు సంగతి. నిన్న ఎన్ని షీట్లు పాడయ్యాయి? ఎందుకు పాడయ్యాయి? ఎక్కడైనా రాసి ఉందా?

వాణిజ్య ముద్రణలో ఉన్నవాళ్లను కదిపితే ముందుగా వినిపించేది రేట్లు పడిపోయాయన్న మాట, ఆ వెంటనే ఆర్డర్లు చిన్నవైపోయాయన్న మాట. రెండూ నిజమే. మూడో మాట దగ్గరే నాకు పేచీ. ‘ఇంకా వేగంగా నడిచే యంత్రం కొంటే గట్టెక్కుతాం’ అంటారు. కాగితం, పెన్సిలు తీసుకోండి, ఒక చిన్న లెక్క వేద్దాం.

మీ యంత్రం గంటకు 15,000 షీట్లు వేస్తుందనుకుందాం. జాబు, అంటే ఒక ఆర్డరు పని, 3,000 షీట్లది. అచ్చుకు పట్టే సమయం 12 నిమిషాలు. దానికి ముందు ప్లేట్లు మార్చాలి, బ్లాంకెట్లు అనే రబ్బరు తొడుగులు కడగాలి, ఇంకు సర్దాలి, నాలుగు రంగులూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చునేలా చేయాలి. ఈ సెట్టింగుకు 40 నిమిషాలు అనుకోండి. మొత్తం 52 నిమిషాలు. ఎనిమిది గంటల షిఫ్టులో ఇలాంటి జాబులు తొమ్మిది పూర్తవుతాయి.

అప్పు చేసి గంటకు 18,000 షీట్లు వేసే యంత్రం తెచ్చారు. సెట్టింగు పద్ధతి పాతదే. ఇప్పుడు అచ్చుకు 10 నిమిషాలు, మొత్తం 50. షిఫ్టుకు ఎన్ని జాబులు? మళ్లీ తొమ్మిదే. పదోది సగంలో ఉంటుంది.

అప్పు చేయలేదు, పాత యంత్రాన్నే ఉంచారు, సెట్టింగును మాత్రం 40 నుంచి 20 నిమిషాలకు తెచ్చారు. మొత్తం 32 నిమిషాలు. షిఫ్టుకు 15 జాబులు.

పెద్ద సంఖ్యలో, లక్షల కాపీలు వేసేవారికి ఈ లెక్క వర్తించదు. వాళ్లకు వేగమే ముఖ్యం. కానీ జాబులు చిన్నవైపోయాయని బాధపడేవాళ్లు వేగాన్ని కొనడం నాకు అంతుబట్టని సంగతి. మొదటి లెక్కలో తొమ్మిది జాబులకు యంత్రం నిజంగా అచ్చు వేసింది 108 నిమిషాలు, అంటే 480 నిమిషాల షిఫ్టులో పావు వంతు కూడా కాదు. మిగిలిన కాలమంతా యంత్రం చుట్టూ మనుషులు పరుగెత్తుతున్నారు. సెట్టింగు కుదిరేదాకా పాడయ్యే షీట్లు జాబుకు 250 చొప్పున పోయినా రోజుకు 2,250, అంటే రీముకు 500 చొప్పున నాలుగున్నర రీములు.

యంత్రాలు తయారు చేసేవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్‌లో జరిగే ద్రుపా ముద్రణ యంత్రాల ప్రదర్శనలో 2016లో హైడెల్‌బర్గ్ సంస్థ ఒక జాబు అయిపోగానే తరువాతి జాబుకు తనంతట తానే మారిపోయే ప్రెస్సును చూపించింది. మనిషి నడపడానికి కాదు, ఆపడానికి మీట నొక్కాలి. అంత ఖరీదైనది అందరూ కొనలేరు. కొనలేనివాళ్లకు చాలా ముందే ఇంకొకరు దారి చూపారు. ఆయన ముద్రాపకుడు కూడా కాదు.

జపానులో షిగెయో షింగో అనే ఇంజినీరు. టయోటా కర్మాగారంలో వెయ్యి టన్నుల ప్రెస్సు ఉండేది. అచ్చు వేసేది కాదు, రేకును వంచేది. దానికి డై, అంటే రేకుకు ఆకారమిచ్చే దిమ్మ, మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. 1969లో షింగో దాన్ని గంటన్నరకు తెచ్చాడు. ఇంకా తగ్గించమంటే చివరికి మూడు నిమిషాలకు తెచ్చాడు. చేసే పనులను ఆయన రెండు కుప్పలుగా విడదీశాడు. యంత్రం ఆగితేనే చేయగలిగేవి ఒక కుప్ప, నడుస్తుండగానే చేసుకోగలిగేవి ఇంకో కుప్ప.

ఇప్పుడు ఒక వాచీ పట్టుకుని మీ యంత్రం పక్కన నిలబడండి. యంత్రం ఆగాక తరువాతి జాబు ప్లేట్లు తేవడానికి ఎవరు వెళ్తున్నారు? కాగితం కటింగు నుంచి వచ్చిందా? ప్రత్యేక రంగు ఇంకు కలిపి ఉందా? ప్లేటులో తప్పు ఉందని యంత్రానికి ఎక్కించాక తెలిసిందా? కస్టమర్ ప్రూఫు మీద, అంటే ముందుగా చూపించే నమూనా మీద, సంతకం పెట్టారా, లేక ఫోను కోసం ఎదురు చూస్తున్నారా? ఇవన్నీ ముందు జాబు నడుస్తుండగా తేల్చుకోవాల్సినవి. వీటికి ఒక్క బోల్టు కూడా కొనక్కరలేదు.

ఇక నైపుణ్యం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది ఇక్కడే.

ఒకసారి బూడిద రంగు నేపథ్యంతో ఉన్న బ్రోచరు వేశాం. కస్టమర్ వచ్చి యంత్రం దగ్గర, మామూలు ట్యూబ్‌లైటు కింద షీటు చూసి బాగుందన్నారు. మర్నాడు వాళ్ల ఆఫీసు కిటికీ వెలుతురులో అదే బ్రోచరు గులాబీ ఛాయ కొట్టింది. పైగా తడిగా ఉన్నప్పుడు నిగనిగలాడిన రంగు ఆరాక కొంత చప్పబడింది. పనంతా మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆపరేటర్ తప్పేమీ లేదు. రంగు చూడటానికి పగటి వెలుతురును పోలిన 5,000 కెల్విన్ల ప్రామాణిక వెలుతురు ఉండాలని, దానికి ఐఎస్ఓ 3664 అనే అంతర్జాతీయ ప్రమాణమే ఉందని మాలో ఎవరికీ తెలియదు. ఆఫ్‌సెట్ ముద్రణకు ఐఎస్ఓ 12647-2 అనే ప్రమాణం 1996 నుంచీ ఉంది, 2004లో ఒకసారి, 2013లో మరోసారి దాన్ని సవరించారు. మేమేమో ‘నిన్నటి షీటులాగే వేయి’ అన్న ప్రమాణంతో బతుకుతున్నాం. ఆ నిన్నటి షీటు ఏ వెలుతురులో చూసిందో ఎవరికీ గుర్తుండదు.

అనుభవజ్ఞుడైన ఆపరేటర్ కన్ను గొప్పదే, కాదనను. కానీ కన్ను అలసిపోతుంది, ఇంకు సాంద్రతను కొలిచే డెన్సిటోమీటరు అలసిపోదు. ప్లేటును తడిపే ఫౌంటెన్ నీటి పీహెచ్ సాధారణంగా 4.5, 5.5 మధ్య ఉండాలి. అది అటూ ఇటూ అయితే ప్లేటు మీద అచ్చు లేని చోట మురికి పడుతుంది, ఇంకు ఆరదు. అప్పుడు ఇంకు డబ్బాను తిడతాం. గదిలో తేమ పెరిగితే కాగితం అంచులు అలలుగా లేస్తాయి, తగ్గితే అంచులు బిగుసుకుంటాయి. రెండు సందర్భాల్లోనూ రంగులు ఒకదానిమీద ఒకటి కూర్చోవు. అప్పుడు యంత్రాన్ని తిడతాం. కాగితాన్ని చుట్టిన కవరు విప్పకుండా ముందుగా గది ఉష్ణోగ్రతకు రానివ్వాలని చెప్పేవాళ్లు ఉంటే ఈ తిట్లలో సగం తప్పేవి.

మన రంగంలో చాలామంది పెద్దవాళ్ల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవాళ్లే. ఆ చదువు విలువైనదే, కానీ గురువుగారి పనితనంతో పాటు గురువుగారి పొరపాట్లు కూడా అందులో వచ్చేస్తాయి. జర్మనీలో ప్రెస్సు ఆపరేటర్ కావడానికి మూడేళ్ల శిక్షణ ఉంటుంది, కొంత కర్మాగారంలో, కొంత బడిలో సాగుతుంది. మనకు బడి అందుబాటులో లేకపోతే వారానికి పావుగంట చాలు. ఆ వారం పాడైన షీట్లలో ఒకటి బల్ల మీద పరిచి అందరూ చుట్టూ నిలబడాలి. ఎవరు చేశారన్న ప్రశ్న వద్దు, ఎలా జరిగిందన్నది మాట్లాడాలి. మొదటి ప్రశ్న అడిగారా, రెండో వారం నుంచి పాడైన షీట్లు మాయమవుతాయి. పాడవడం మాత్రం ఆగదు.

నేర్చుకోవాల్సింది ఆపరేటర్లే అనుకోకండి. ఆర్డర్లు తెచ్చే మనిషి మధ్యలో పిన్ను కొట్టే 30 పేజీల పుస్తకానికి రేటు ఒప్పుకుని వస్తాడు. ఒక మడతకు నాలుగు పేజీలు, 30ని నాలుగుతో భాగించి చూడండి. 28 లేదా 32 కావాలి. మిగిలిన రెండు పేజీల కోసం ఫోన్లు, వాదనలు, ఆలస్యం. కాగితం నార ఏ దిక్కున ఉండాలో, మందమైన కాగితాన్ని మడిచే ముందు గీత ఎందుకు వేయాలో బైండింగు బల్ల దగ్గర వారం రోజులు కూర్చుంటే తెలిసిపోతుంది.

యజమాని నేర్చుకోవాల్సింది ఇంకా కష్టమైనది, గంట ఖర్చు లెక్క. సంవత్సరానికి 250 రోజులు, రోజుకు 8 గంటలు, అంటే 2,000 గంటలు. యంత్రానికి అయ్యే ఖర్చంతా, జీతాలు, కరెంటు, వడ్డీ, అరుగుదల కలిపి, 2,000తో భాగించి కొటేషన్లు ఇస్తారు. కానీ కస్టమర్‌కు బిల్లు వేయగలిగింది 1,200 గంటలే అయితే? ఖర్చులో 40 శాతాన్ని ఎవరూ చెల్లించలేదు. అది మీ జేబులోంచే పోయింది. ప్రెస్సు నిండా పనే, అయినా బ్యాంకులో డబ్బు లేదంటే నేను మొదట అడిగేది ఈ భాగహారం గురించే.

ఇంకో సంగతి. 100కు అమ్మిన జాబులో కాగితం, ప్లేట్లు, బయట చేయించిన లామినేషన్ కలిపి 60 పోతే మీకు మిగిలింది 40. 70కి అమ్మిన ఇంకో జాబులో 20 మాత్రమే పోతే మిగిలింది 50. టర్నోవర్ పట్టికలో మొదటిదే పెద్దగా కనిపిస్తుంది. జాబు పూర్తయ్యాక అనుకున్న ఖర్చు ఎంత, అయిన ఖర్చు ఎంత అని జాబు కార్డు మీద పక్కపక్కన రాస్తే తప్ప ఇది బయటపడదు. అలా రాసేవాళ్లు తక్కువ, ఎందుకంటే జాబు వెళ్లిపోయాక దాని వైపు చూడబుద్ధి కాదు.

‘ఇంత నేర్పిస్తే మనిషి వేరే చోటికి వెళ్లిపోతాడు కదా’ అని మీలో కొందరు ఈపాటికి అనుకుని ఉంటారు. వెళ్తాడు. నేర్పించకపోయినా వెళ్తాడు. అతను వెళ్లిన రోజున సెట్టింగులన్నీ అతని తలలోనే ఉంటే మీరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఒక నోటు పుస్తకం పెట్టండి. ఈ కాగితం, ఇన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు), ఈ ఇంకు, ఏ భాగంలో ఇంకు ఎంత తెరిచాం, తడి షీట్లు అంటుకోకుండా చల్లే పౌడరు ఎంత, ఒత్తిడి ఎంత, ఫౌంటెన్ పీహెచ్ ఎంత, మొదటి మంచి షీటు ఎన్నో నిమిషంలో వచ్చింది. ఆ పుస్తకాన్ని ఆఫీసు బీరువాలో దాచకండి. యంత్రం పక్కన దారంతో కట్టండి, పెన్నుతో సహా.