కారవాజో గోడల వెంట రోమ్‌లో ఒక నడక

శ్రోతలకు నమస్కారం.

ఇటలీ చిత్రకారుడు కారవాజో బడి పెట్టలేదు, శిష్యుల్ని చేరదీయలేదు, చిత్రకళ మీద ఒక్క పుస్తకమూ రాయలేదు. 1571లో మిలాన్‌లో పుట్టి, 1610లో, 38 ఏళ్లకే పోయాడు. అయినా ఆయన తర్వాత యూరప్‌లో బొమ్మ వేసే తీరే మారిపోయింది. ఆయన దగ్గర నేర్చుకోవాలంటే రోమ్ వెళ్లి, చర్చి గోడల ముందు నిలబడి చూడటమొక్కటే దారి. ఆనాటి కుర్ర చిత్రకారులు తిరిగిన ఆ వీధుల్లోనే ఈ రోజు మనమూ నడుద్దాం. ఆ చర్చిలకు టిక్కెట్టు లేదు. మధ్యాహ్నం తలుపులు మూస్తారు కనుక పొద్దున్నే బయల్దేరాలి.

ముందుగా పియాత్సా నవోనా పక్కనున్న సాన్ లుయీజీ చర్చి. ఎడమచేతి వైపు చివరి ప్రార్థనా మందిరంలో యేసు శిష్యుడైన మత్తయి జీవితం మీద కారవాజో గీసిన మూడు చిత్రాలున్నాయి. వాటిలో ఎక్కువసేపు చూడాల్సింది, యేసు మత్తయిని పిలిచే చిత్రం. పన్నులు వసూలు చేసే మత్తయి, మరో నలుగురితో బల్ల చుట్టూ కూర్చుని ఉన్నాడు. వాళ్లు వేసుకున్నవి బైబిలు కాలం నాటి బట్టలు కావు. టోపీలో ఈక, నడుముకి కత్తి, అచ్చం 1600 నాటి రోమ్ కుర్రాళ్లే. కుడివైపు నుంచి యేసు చెయ్యి చాపాడు. బొమ్మలో ఒక కిటికీ ఉంది గానీ, వెలుగు అందులోంచి రావడం లేదు. యేసు ఉన్న వైపు నుంచి గోడ మీద ఏటవాలుగా పడుతోంది. తల తిప్పి చూస్తే, ఆ మందిరానికి ఉన్న అసలు కిటికీ కూడా అటువైపే! పుస్తకంలో అచ్చు చూస్తే ఈ సంగతి అందదు. ఆయన బొమ్మల్ని వాటి గోడల మీదే చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అక్కడికి రెండడుగుల్లో సాంత్ అగొస్తీనో చర్చి. అక్కడున్న ఆయన చిత్రంలో, పెచ్చులూడిన గుమ్మంలో మరియమ్మ బిడ్డనెత్తుకుని వట్టి కాళ్లతో నిలబడింది. ఎదురుగా ఇద్దరు ముసలి యాత్రికులు మోకరిల్లారు. ముసలాయన అరికాళ్లు మట్టి కొట్టుకుపోయి సరిగ్గా మన కళ్ల ముందుకొస్తాయి. దేవుడి సన్నిధిలో పేదవాడి పాదాలకు ఇంత చోటు ఇచ్చినందుకే నాకు కారవాజో అంటే అంత గౌరవం.

ఉత్తరంగా నడిస్తే సాంతా మరియా దెల్ పోపొలో చర్చి. అక్కడి చిత్రం, యేసు పిలుపుతో పౌలు మనసు మారిన క్షణం. పౌలు గుర్రం మీంచి నేలమీద వెల్లకిలా పడి చేతులు చాచాడు. బొమ్మలో సగానికి పైగా గుర్రమే. ఆకాశం తెరుచుకోదు, దేవదూతలు లేరు. ఉన్నదల్లా పౌలు మీద పడే వెలుగే.

ఇక నది దాటి త్రాస్తేవెరేలోని సాంతా మరియా దెల్లా స్కాలా చర్చికి వెళ్దాం. మరియమ్మ మరణాన్ని ఆయన ఈ చర్చి కోసమే గీశాడు. ఉబ్బిన శవంలా చూపించాడని ఆ చర్చి ఫాదర్లు వద్దన్నారు. అప్పటికే, 1606లో, ఒకణ్ణి చంపి ఆయన రోమ్ వదిలి పారిపోయాడు. ఆ చిత్రాన్ని ఇటలీలోని మాంటువా ప్రభువు చేత కొనిపించింది ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్. 1607లో దాన్ని పంపించేముందు నగరంలోని చిత్రకారులు చూసి తీరాలని పట్టుబడితే, వారం పాటు ప్రదర్శనకు పెట్టారు. అదిప్పుడు పారిస్‌లో లూవ్ర్‌లో ఉంది. ఈ చర్చిలో దాని స్థానంలో సరచేనీ గీసిన చిత్రం వేలాడుతోంది.

అదే చర్చిలో యోహాను శిరచ్ఛేదం చిత్రముంది. చీకటి మధ్య మంట వెలుగు. గీసినవాడు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నుంచి వచ్చిన హొంథోర్స్ట్. రాత్రి దృశ్యాల గెరార్డో అని ఇటలీవాళ్లు ముద్దుగా పిలిచారు. 1620లో అతను తన ఊరికి వెళ్లిపోయాడు. అలాంటి ఉట్రెక్ట్ చిత్రకారుల ద్వారానే కారవాజో వెలుగునీడల పద్ధతి ఉత్తరాదికి చేరి, జీవితంలో ఎన్నడూ ఇటలీ గడప తొక్కని డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్‌కు అందింది.

నమస్కారం.