ధ్వనిని విప్పేది ప్లేయరా, రిసీవరా? డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అమరిక

(తెరపై: రిసీవర్ ముందు భాగంలోని చిన్న డిస్‌ప్లే, అందులో ‘పీసీఎం’ అన్న అక్షరాలు)

నమస్కారం. గదిలో ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్నా సినిమా శబ్దమంతా ముందున్న రెండు స్పీకర్ల నుంచే వస్తోందనుకోండి. స్పీకర్ల తీగలు విప్పి మళ్లీ బిగించే ముందు, ఆ స్పీకర్లను నడిపే పెట్టె, అంటే రిసీవర్ మీది ఈ డిస్‌ప్లేను చూడండి. సమస్య చాలాసార్లు ప్లేయర్ మెనూలోని ‘డిజిటల్ ఆడియో అవుట్‌పుట్’ దగ్గరే ఉంటుంది.

సినిమా డిస్క్‌లలో బహుళ ఛానళ్ల (ఒక్కో స్పీకర్‌కు ఒక్కో ఛానల్) ధ్వనిని సాధారణంగా కుదించి నిల్వ చేస్తారు కాబట్టి, దానిని ఎక్కడో ఒకచోట విప్పక తప్పదు. ‘పీసీఎం’ (అంటే విప్పిన డిజిటల్ ధ్వని) ఎంచుకుంటే ఆ పని ప్లేయరే చేస్తుంది; ‘బిట్‌స్ట్రీమ్’ ఎంచుకుంటే డిస్క్‌లోని ధ్వనిని ప్లేయర్ ఉన్నది ఉన్నట్టుగా పంపుతుంది, రిసీవర్ విప్పుకుంటుంది.

(తెరపై: ప్లేయర్ వెనుక భాగం, ఆప్టికల్ పోర్టులో ఎర్రని వెలుగు)

ఏది ఎంచుకోవాలో కేబుల్‌ను బట్టి నిర్ణయించాలి. ఆప్టికల్, కోయాక్సియల్ కేబుళ్లు విప్పిన ధ్వనిని రెండు ఛానళ్లకు మించి మోయలేవు. అందుకే ఆప్టికల్ కేబుల్‌తో పీసీఎం పెడితే ఆరు ఛానళ్లూ రెండుగా కలిసిపోతాయి. డీవీడీలోని డాల్బీ డిజిటల్ అనే కుదించిన ధ్వని సెకనుకు 448 కిలోబిట్లు మించదు కనుక, బిట్‌స్ట్రీమ్‌గా అది ఇదే కేబుల్‌లో హాయిగా ఇముడుతుంది. నాణ్యత పోకుండా కుదించినందున డేటా ఎక్కువగా ఉండే బ్లూ-రే ధ్వని రకాలు డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో మాత్రం ఇమడవు. వాటిని బిట్‌స్ట్రీమ్‌గా పంపాలంటే, 2006లో వచ్చిన 1.3 వెర్షన్ లేదా ఆ తరువాతి హెచ్‌డీఎంఐ ఉండాలి. అన్నట్టు, కొత్త ఆప్టికల్ కేబుల్ కొనలకు సన్నని ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి; వాటిని తీయకుండా గుచ్చితే శబ్దమే రాదు.

హెచ్‌డీఎంఐ ఉండి, బిట్‌స్ట్రీమ్ పెట్టినా రిసీవర్ ‘ట్రూహెచ్‌డీ’ అని కాక ‘డాల్బీ డిజిటల్’ అని చూపడం నాకూ ఎదురైంది. కేబుళ్లు మార్చి చూసిన తరువాత గాని అసలు కారణం తెలియలేదు. ‘సెకండరీ ఆడియో’ లేదా ‘బీడీ ఆడియో మిక్స్’ అన్న సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మెనూ శబ్దాలనూ వ్యాఖ్యానాన్నీ సినిమా ధ్వనితో కలపడానికి ప్లేయర్ అంతటినీ విప్పి, మళ్లీ కుదించి పంపుతుంది. అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) సమాచారం పోయేది కూడా ఇక్కడే. ఆ ఒక్కదానిని ఆఫ్ చేయండి. దీనికి మించిన మేలు మరే సెట్టింగూ చేయదని నా నమ్మకం.

పీసీఎం పనికిరానిదని కాదు. డాల్బీ, డీటీఎస్‌లను విప్పలేని పరికరానికి బిట్‌స్ట్రీమ్ పంపితే నిశ్శబ్దమో, బుస్సుమనే రొదో వస్తుంది. అక్కడ పీసీఎమ్మే సరైనది. ఆడియో సీడీలో ఉన్నదే రెండు ఛానళ్ల పీసీఎం కనుక, దానికి ఈ ఎంపికతో తేడా రాదు.

(తెరపై: డిస్క్ మెనూలో భాషల జాబితా)

సినిమా నడుస్తుండగానే రిసీవర్ డిస్‌ప్లేను మళ్లీ చూడండి. ఇంకా రెండు ఛానళ్లే చూపుతుంటే డిస్క్ మెనూలోకి వెళ్లండి. అందులో ముందుగా ఎంపికై ఉన్నది స్టీరియో ట్రాక్ అయితే దానిని 5.1కు, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ కోసం ఉన్న ట్రాక్‌కు మార్చాలి.