రెండు గడుల మధ్య ఖాళీ

నేను: నమస్కారం. బెజవాడ గవర్నర్‌పేటలో మా మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నాం. ఫ్యాన్ ఆపేశాం, కిటికీలు మూసేశాం. అయినా ఏలూరు రోడ్డు హారన్లు వినపడితే సర్దుకోండి. ఇవాళ కామిక్స్ గురించి. బొమ్మల సంగతి చెవిలో చెప్పటమేంటని అడక్కండి, నాకూ అదే అనుమానం. వచ్చింది మా మావయ్య. ఊరు గుంటూరు. పాతికేళ్ళు ప్రెస్సుల్లో డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు పేర్చే పని, చేశాడు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో పాత్రల నోటి పక్కన ఉండే బుడగలకి మాటలు నింపింది ఈయనే. మొదలుపెట్టు మావయ్యా.

మావయ్య: ముందు ఆ కరెంటు బిల్లు ఇటియ్యి.

నేను: ఎందుకు?

మావయ్య: వెనకాల తెల్లగా ఉంది. (గీస్తున్న చప్పుడు) ఇదిగో, రెండు గడులు. ఏం కనపడుతుందో వినేవాళ్ళకి చెప్పు.

నేను: మొదటి గడిలో అటక మీద ఆవకాయ జాడీ. కింద పిల్లాడు మెడ రిక్కించి దానివంకే చూస్తున్నాడు. రెండో గడిలో జాడీ ముక్కలైపోయింది. పిల్లాడు లేడు. గచ్చు మీద ఎర్రటి మరకలు, వాకిలి దాకా. పిల్లాడు జాడీ పగలగొట్టి పారిపోయాడు. అంతేగా?

మావయ్య: పగలగొట్టినట్టు నేను గీశానా?

నేను: గీయలేదు గానీ, తెలుస్తోందిగా.

మావయ్య: ఆ మాట గుర్తుపెట్టుకో, మళ్ళీ వద్దాం. ఈ రెండు గడుల మధ్య వేలెడు కూడా లేని ఖాళీ ఉందే, కథంతా జరిగింది అక్కడ. అక్కడ నేను పెన్ను పెట్టలా. వాడు స్టూలెక్కిందీ, కాలు జారిందీ, జాడీ పడిందీ నీ బుర్రలో నువ్వే ఆడించుకున్నావ్. ఇంగ్లీషులో దాన్ని గట్టర్ అంటారు.

నేను: గట్టర్ అంటే మురుక్కాలవ కదా!

మావయ్య: మూడు కాలవల ఊళ్ళో కూర్చుని కాలవని తక్కువ చేయమాక. ఆ ఖాళీ లేకపోతే అవి రెండు బొమ్మలు, అంతే.

నేను: మరి చందమామలో బేతాళ కథకీ బొమ్మ ఉండేదిగా. శవాన్ని భుజానేసుకుని, కత్తి పట్టుకుని విక్రమార్కుడు.

మావయ్య: శంకర్ గారి బొమ్మ. అది కథకి వేసిన బొమ్మమ్మాయ్. దాని మీద చెయ్యి అడ్డం పెట్టి చదువు, కథ నీకు పూర్తిగా అర్థమైపోద్ది. కామిక్స్‌లో అట్టా కుదరదు. మాట తీసేస్తే బొమ్మ సగం, బొమ్మ తీసేస్తే మాట సగం. రెండూ చెరో పక్కా పట్టుకుని మోస్తాయి.

నేను: ఈ గడులు గీయటం అమెరికా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదేనా?

మావయ్య: గడులంటే ఏమో గానీ, బొమ్మల్ని వరసపెట్టి కథ చెప్పటం మన అమరావతి స్తూపం మీదే ఉంది. నాళాగిరి అని ఏనుగు, బుద్ధుడి మీదకి వదిలిన మదపుటేనుగు. గుండ్రటి పలక మీద చెక్కారు, రెండో శతాబ్దం నాటిది. అమరావతిలో వెతికితే దొరకదు, చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. మనది చూడాలంటే మనమే రైలెక్కి పోవాల, అది వేరే బాధ. ఆ పలకలో ఏనుగులు ఎన్నంటావ్?

నేను: నాళాగిరి ఒక్కటేగా.

మావయ్య: రెండు కనపడతయ్. ఒక పక్క వీధిలో జనాన్ని తొక్కేస్తా వస్తంది, ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద వంగి ఉంది. పైన కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. అదీ ఇదీ ఒకటే ఏనుగు. మధ్యలో గీత లేదు, గడి లేదు. పొగరు దిగిన క్షణం మాత్రం చెక్కలేదు. ఎందుకంటావ్?

నేను: మనమే ఊహించుకోవాలని?

మావయ్య: శిల్పి నాకు చెప్పలేదు. నేనైతే ఆ పలక ముందు నిలబడి అట్టా ఇట్టా ఒక పది సార్లు తల తిప్పా.

నేను: ఇదంతా సినిమా కూడా చేస్తుంది కదా, షాటు తర్వాత షాటు.

మావయ్య: సినిమాలో సెకనుకి 24 బొమ్మలు ఒకే తెర మీద, ఒకదాని చోట ఒకటి పడతయ్. వేగం వాళ్ళది, నువ్వు కుర్చీలో కూర్చోటమే. కామిక్స్‌లో బొమ్మలన్నీ పక్కపక్కన ఉంటయ్. కాలాన్ని జాగాతో కొలవాలి. వెడల్పాటి గడి ఇస్తే చదివేవాడు నిదానిస్తాడు. సన్నటి గడులు నాలుగు పక్కపక్కన పెట్టు, కన్ను పరిగెత్తుద్ది. ఇంకో తిరకాసుంది. పేజీ తెరవగానే అన్ని గడులూ ఒక్కసారే కనపడతయ్. పై గడిలో హీరో తలుపు తట్టేలోపే కింది గడిలో దెయ్యం నీ కంట పడిద్ది. అందుకని తెలిసినవాడు దెయ్యాన్ని పేజీ తిప్పాక పెడతాడు. కుడిచేతి పేజీ ఆఖరి గడిలో తలుపు గడియ మీద చెయ్యి, ఆకు తిప్పితే దెయ్యం.

నేను: ఇప్పుడు నీ అసలు రాజ్యానికొద్దాం. బుడగలు.

మావయ్య: (నవ్వు) రాజ్యం కాదమ్మా, చెరసాల. ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు, ఇటుకలు పేర్చినట్టు ఒకే ఎత్తు. మన 'రాష్ట్రం' రాయి. పైన దీర్ఘం, కింద వత్తు మీద వత్తు. రెండు లైన్లు దగ్గరపెట్టావా, పై లైను వత్తులు కింది లైను గుడిని గుచ్చుతయ్. పైగా మనది మాటకి మాట అతుక్కునే భాష. 'వెళ్ళలేకపోయానండీ' ఒకే మాట. ఎక్కడ విరుస్తావ్? జపాను వాళ్ళ బుడగలైతే నిలువుగా, సన్నగా ఉంటయ్, వాళ్ళు పైనించి కిందకి రాస్తారు కాబట్టి. దాంట్లో తెలుగు దూర్చటమంటే సోడాబుడ్డిలో బూరె తోయటమే.

నేను: మరి ఏం చేసేవాడివి?

మావయ్య: పేజీలు పేర్చటానికి పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. అక్షరం సైజు పన్నెండు పాయింట్లతో మొదలుపెట్టి పదికి, పది నించి ఏడుకి దించేవాణ్ణి. పిల్లల పుస్తకం, మందు సీసా మీద చీటీలాగ తయారయ్యేది. అనువాదం చేసినాయన బెజవాడలోనే ఇంకో చోట ఉండేవాడు, బొమ్మ చూడకుండా రాసేవాడు. ఒక పుస్తకంలో వాక్యాల వరస తారుమారైంది. రాకుమారి 'నిన్ను నమిలి మింగేస్తాను' అంటే రాక్షసుడు 'అయ్యో నన్ను వదిలెయ్యండి' అన్నాడు. అచ్చైపోయింది కూడా. ప్రెస్సు పేరడక్కు.

నేను: పిల్లలకి నచ్చే ఉంటుంది!

మావయ్య: ఒక్కళ్ళూ ఫిర్యాదు చేయలా. చప్పుళ్ళ సంగతి విను. మనకి చప్పుడు మాటలకి కొదవా? మనిషి పడితే దబ్బుమని, కొబ్బరికాయ పడితే ధబేల్‌మని, చుక్క పడితే టప్పుమని. తలుపుకి ధడేల్, చీపురుకి బరబర, గాజులకి గలగల. అయినా అచ్చులో అన్నీ 'బ్యాంగ్', 'థడ్'. ఎందుకో తెలుసా? ఆ అక్షరాల్ని బొమ్మలోనే గీసేశారు. చెరపాలంటే వెనకాల గోడ మళ్ళీ గీయాలి. ఆ డబ్బు ఎవరిస్తారు? పోనీ కొత్తగా టైపు చేద్దామంటే, 'అమ్మా' అని సాగదీసి అరవటానికి దీర్ఘం మీద దీర్ఘం కొడితే ఇప్పటి కంప్యూటరు చుక్కల సున్నా చూపిస్తది. తప్పు రాశావంటది. భయపడేవాడు వ్యాకరణం చూసుకుని అరుస్తాడా?

నేను: చేత్తో రాస్తే సరిపోతుందిగా.

మావయ్య: అసలు మార్గం అదే. బాపు గారి అక్షరాలు చూళ్ళేదూ? ఆ రాతని చూసి ఫాంట్లే చేసుకున్నారు. బొమ్మ గీసిన చెయ్యే మాట కూడా రాస్తే, ఆ అక్షరానికి గొంతుంటది. నేను చెప్పేది ఒకటే. తెలుగులో కామిక్స్ గీయాలనుకునే పిల్లలు ముందు మాట రాసుకోండి, దాని చుట్టూ బుడగ గీయండి, మిగిలిన చోట్లో బొమ్మ పెట్టండి. మా కాలంలో అంతా తిరగేసి చేశాం.

నేను: ఇప్పుడు ఫోన్లోనేగా చదువుతున్నారు, కొరియా వాళ్ళ వెబ్‌టూన్లు, కిందకి లాక్కుంటూ.

మావయ్య: మా అబ్బాయి చూపించాడు. పేజీ లేదు, ఆకు తిప్పటం లేదు, దెయ్యాన్ని దాచే మూల పోయింది. గడికీ గడికీ మధ్య మాత్రం జానెడు ఖాళీ. బొటనవేలు అంత దూరం లాగేలోపు గుండె దడ. కాలవ వెడల్పైందన్నమాట. నాకు నచ్చింది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకం తిరగేస్తే వచ్చే వాసన లేదు గానీ.

నేను: చివరికొచ్చాం. ఆవకాయ జాడీ సంగతి మళ్ళీ వద్దామన్నావ్.

మావయ్య: ఆఁ, ఆ బిల్లు ఇటియ్యి. (గీస్తున్న చప్పుడు) మూడో గడి. చెప్పు.

నేను: పిట్టగోడ మీద పిల్లి కూర్చుంది. పాదం ఎత్తి నాక్కుంటోంది... పాదాలు నాలుగూ ఎర్రగా ఉన్నాయి. వెనకాల వీధిలో పిల్లాడు పుస్తకాల సంచీతో బడికి పోతున్నాడు. అయ్యో! పాపం, పిల్లాణ్ణి ఉత్తపుణ్యానికి దొంగని చేశావ్ మావయ్యా!

మావయ్య: నేనా? ఆ గడుల మధ్యలో నేను అడుగే పెట్టలేదమ్మాయ్. ఫ్యానెయ్యి, ఉక్కపోస్తంది.