‘వెజిటేరియన్’ అంటే తెలియదు, ‘జే’ అనండి: థాయ్ వీధి బజార్ల మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. సెలవులొస్తే చాలు, మనవాళ్లు బ్యాంకాక్ విమానం ఎక్కేస్తున్నారు. తీరా అక్కడి వీధి బజార్లలో మాట రాక, పద్ధతి తెలియక తికమకపడ్డామని మెసేజ్‌లు చాలా వచ్చాయి. బ్యాంకాక్ ప్రతూనామ్‌లో 16 ఏళ్లు రెడీమేడ్ బట్టల వ్యాపారం చేసి, ఇప్పుడు గుంటూరులో ఉంటున్న మేడమ్ ఈ రోజు మనతో ఉన్నారు. మేడమ్, ముందుగా ఒక్క ముక్కలో చెప్పాలంటే?

అతిథి: గొంతు పెంచొద్దు. అంతే. మనకి గట్టిగా మాట్లాడటం అలవాటు, అది కోపం కాదు, మన మాటే అంత. వాళ్లకి మాత్రం అది గొడవ కిందే లెక్క. నలుగురిలో గట్టిగా అన్నారంటే ఆ కొట్టామె నవ్వు అలాగే ఉంటుంది కానీ ఇక మీకు అమ్మదు. బేరానికి అంకెలు నొక్కి చూపించే కాలిక్యులేటర్ లోపల పెట్టేస్తుంది.

యాంకర్: మొదటి కాల్, విజయవాడ నుంచి. చెప్పండి సార్.

కాలర్ (విజయవాడ): నమస్తే మేడమ్. బ్యాంకాక్ చాతుచాక్ బజార్లో చొక్కాలు చూశాను. 300 బాత్‌లు అంది. నేను 100 అన్నాను. ఆమె 250 కొట్టి చూపించింది, నేను 120 కొట్టాను, చివరికి 180 దగ్గర సరే అంది. పక్క కొట్లో కూడా చూసొద్దామని కదిలితే వెనక నుంచి ఏదో అరిచింది. మా ఆవిడ ముందు పరువు పోయింది.

అతిథి: మీరు చెప్పిన ధరకి ఆమె సరే అన్నాక కదిలారా?

కాలర్: అంటే... ఊరికే చూసొద్దామని.

అతిథి: అదేం పద్ధతండీ! బీసెంట్ రోడ్డులో చేసినా తిట్లు పడతాయి. కొనే ఉద్దేశం ఉంటేనే అంకె నొక్కాలి. మూడో వంతుకి అడగడం కూడా మానేయండి. ఒక్క ముక్కకైతే పదో పరకో తగ్గిస్తారు. మూడు తీసుకుంటే అప్పుడు బాగా తగ్గుతుంది, ప్రతూనామ్‌లో చాలా కొట్లలో మూడు దాటితే హోల్‌సేల్ ధర అని బోర్డే ఉంటుంది. ‘లొత్ దాయ్ మై’ అనాలి, తగ్గించగలరా అని. చివర మగవాళ్లు ‘ఖ్రాప్’, ఆడవాళ్లు ‘ఖా’ కలపాలి. మన ‘అండీ’ లాంటిదనుకోండి, కాకపోతే ఎదుటి మనిషిని బట్టి కాదు, మాట్లాడే మనిషిని బట్టి మారుతుంది. మగవాళ్లు ‘ఖా’ అంటే నవ్వుతారు.

కాలర్: ఇంకొకటి మేడమ్, పొద్దున్నే వెళ్తే...

అతిథి: ఆ, పొద్దున! మంచి మాట గుర్తు చేశారు. బోణీ బేరం వాళ్లకీ ఉంది, ‘ప్రదోమ్’ అంటారు. మొదటి అమ్మకం నోటు తీసుకుని కొట్లో సరుకంతా దాంతో తట్టుకుంటూ పోతారు, అన్నీ అమ్ముడుపోవాలని. మొదటిసారి చూసినప్పుడు నాకు మా అమ్మమ్మ కొట్టు గుర్తొచ్చింది. బోణీ వేళ ధర కాస్త తగ్గించి ఇస్తారు, అడిగి కొనకుండా పోతే మాత్రం మనసు చివుక్కుమంటుంది. చాతుచాక్‌లో ఇంకో సంగతి, 27 సెక్షన్లు అది. నచ్చింది వదిలేసి తర్వాత వద్దామంటే ఆ కొట్టు దొరకదు. నంబరు బోర్డు ఫోటో తీసుకోండి.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాతి కాల్ నరసరావుపేట. అమ్మా, టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్ (నరసరావుపేట): హలో? ఆ, తగ్గించానండి. నమస్కారమమ్మా. మా అబ్బాయి, కోడలు టికెట్లు తీశారమ్మా, వచ్చే నెల. నేను రానన్నాను. లేదమ్మా రావాల్సిందే అని వాడు. మా ఆయన పోయాక ఎక్కడికీ వెళ్లలేదు, కాశీ ఒకటి వెళ్లాను. మేం శాకాహారులం. వాడేమో రాత్రి బజార్లలో తిందాం, అంతా అక్కడే బాగుంటుంది అంటాడు. వాడు తింటాడులే, బయట అన్నీ తింటాడు, నాకు తెలియదనుకుంటాడు. నా సంగతి ఏంటమ్మా? వెజిటేరియన్ అని చెబితే అర్థం చేసుకుంటారా?

అతిథి: ఆ మాట వీధిలో పనికిరాదమ్మా. కొందరికి అసలు తెలియదు. తెలిసినవాళ్లేమో ముక్కలు తీసేసి ఇస్తారు, ముక్క లేదు కాబట్టి వెజ్ అని. చేప సాస్ మాత్రం ఉంటుంది. మనకి ఉప్పు ఎలాగో వాళ్లకి అది అలా, చెయ్యి దానంతటదే సీసా మీదకి పోతుంది.

కాలర్: చేప సాసా! వాసన తెలుస్తుంది కదమ్మా?

అతిథి: కూరలో కలిశాక తెలియదు. దాన్ని ‘నామ్ ప్లా’ అంటారు. ఇంకా ‘కపి’ అని ఒకటుంది. కపి అంటే కోతి కాదమ్మా [నవ్వు], రొయ్యల ముద్ద. కూరల మసాలా ముద్దల్లో అది కలిపి నూరతారు. అందుకే పచ్చ కూర, ఎర్ర కూర అని కూరగాయలు వేసి చూపించినా సరే, అడక్కుండా తినొద్దు.

కాలర్: మరి ఏమనాలి?

అతిథి: ‘కిన్ జే’ అనండి. జే తింటాను అని. చైనా నుంచి వచ్చిన ఆచారం అది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. మీకు సరిగ్గా సరిపోతుంది. ఆ కొట్లకి పసుపు జెండా ఉంటుంది, దాని మీద ఎర్ర అక్షరం. మన కంటికి 17 అంకెలా కనిపిస్తుంది. 17 కనిపిస్తే వెళ్లి కూర్చోండి.

కాలర్: పదిహేడు. అయితే మా అబ్బాయి ఫోన్‌లో ఏదో పెట్టుకున్నాడు, మనం మాట్లాడితే వాళ్ల భాషలో చెబుతుందట. దాంట్లో వెజిటేరియన్ అంటే?

అతిథి: అది ‘మంగ్‌సవిరాత్’ అని చెబుతుంది. ఆ మాటకి గుడ్డు, పాలు ఉండొచ్చు. పైగా బజారు హోరులో ఫోన్ ఏం వింటుందో, ఏం చెబుతుందో. హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయిని అడిగి, జే తింటాను, చేప సాస్ వద్దు, రొయ్యల ముద్ద వద్దు, గుడ్డు వద్దు అని థాయ్‌లో ఒక చీటీ రాయించుకోండి. అది చూపిస్తే చాలు. నోటితో చెప్పాలంటే కష్టం, వాళ్ల భాషలో ఐదు స్వరాలున్నాయి. నేను కొత్తలో దగ్గర అనబోయి దూరం అన్నాను, రెండూ ‘క్లై’నే మన చెవికి, ఒకటి కిందికి దిగుతుంది, ఒకటి సమంగా సాగుతుంది. టుక్‌టుక్ అంటే అక్కడి ఆటో, అతను అరగంట తిప్పాడు. నాదే తప్పు.

కాలర్: అయ్యో. మా కోడలు బొప్పాయి సలాడ్ బాగుంటుంది, పచ్చికాయే కదా అత్తయ్యా అంటుంది.

అతిథి: సోమ్ తామ్. అది మీరు చూసి తీరాలమ్మా, రోట్లోనే దంచుతారు. మట్టి రోలు, చెక్క రోకలి. పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి నాలుగు దంపులు, తర్వాత తాటి బెల్లం, నిమ్మకాయ, పొడుగు చిక్కుళ్లు, టమాటా, చివర బొప్పాయి కోరు. ఒక చేత్తో దంచుతూ ఇంకో చేత్తో గరిటెతో తిప్పుతూ ఉంటుంది, టక్ టక్ అని. చూస్తే నోరూరుతుంది. కానీ మధ్యలో ఎండు రొయ్యలు, చేప సాస్ పడతాయి. వద్దంటే వెయ్యదు. అయినా మీ ముందు మనిషికి అదే రోట్లో ఊరబెట్టిన పీతలు దంచి ఉంటుంది. మీకు పట్టింపు ఉంటే దాని జోలికి పోవద్దు.

కాలర్: అమ్మో, వద్దు వద్దు. ఇక తినేదేముందమ్మా, పళ్లేనా?

అతిథి: ఎందుకూ, బోలెడు. మామిడిపండుతో జిగురన్నం, కొబ్బరిపాలు పోసి ఇస్తారు. కాల్చిన అరటిపళ్లు. ‘ఖనోమ్ ఖ్రోక్’ అని ఉంటుంది, మన గుంత పొంగనాల పెనం లాంటిదే, బియ్యప్పిండి, కొబ్బరిపాలు పోసి కాలుస్తారు. అంచు కరకర, లోపల మీగడలా ఉంటుంది. పైన మొక్కజొన్న గింజలో ఉల్లికాడో వేస్తారు, ఎక్కడైనా ఎండు రొయ్యలూ ఉండొచ్చు, పైకే కనిపిస్తాయి, చూసుకోండి. రోటీ బండి దగ్గర మాత్రం ‘మై సై ఖై’ అనాలి, గుడ్డు వెయ్యొద్దని.

కాలర్: మై సై ఖై. ఉండమ్మా రాసుకుంటాను. పెన్ను... బుజ్జీ, ఆ పెన్నిలా ఇయ్యి. ఆ. అయితే వెజిటేరియన్ అంటే అర్థం కాదంటారు?

అతిథి: [నవ్వు] కాదమ్మా. జే. పసుపు జెండా. పిన్ని గారూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అక్కడి ఆడవాళ్లని మీరెలా పిలిచినా ఫరవాలేదు, మీ కోడలిని మాత్రం వాళ్లని ‘ఫీ’ అని పిలవమనండి. అక్కకీ అన్నకీ అదే మాట. చిన్నవాళ్లయితే ‘నోంగ్’. ‘పా’ అంటే పెద్దమ్మ, ముప్పై ఏళ్ల అమ్మాయిని పా అన్నామంటే మన దగ్గర ఆంటీ అన్నట్టే.

యాంకర్: అమ్మా, లైన్లో చాలామంది ఉన్నారు. థాంక్యూ. కరీంనగర్ నుంచి, చెప్పండి.

కాలర్ (కరీంనగర్): నమస్తే మేడమ్. పట్టాయా పోతున్నం ఫ్రెండ్సందరం. వీసా గురించి...

అతిథి: వీసా నా సబ్జెక్టు కాదు బాబూ, రూల్స్ మారుతుంటాయి, ఎంబసీ సైట్ చూసుకోండి. బజారు సంగతి ఏమైనా ఉంటే అడుగు.

కాలర్: బజార్ల ఏం చేయొద్దో చెప్పండి మేడమ్.

అతిథి: నోటు మీద కాలు పెట్టొద్దు. నాణెం దొర్లిపోతుంటే చటుక్కున కాలితో ఆపుతాం చూడు, అది అస్సలు వద్దు. ప్రతి నోటు మీదా, నాణెం మీదా రాజుగారి బొమ్మ ఉంటుంది. మనం కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం కదా, నీకు చెప్పక్కర్లేదు అర్థమవుతుంది. రాజుగారి మీద జోకులు కూడా వద్దు, తెలుగులో అయినా వద్దు. అక్కడి శిక్షాస్మృతిలో 112 సెక్షన్ ఉంది, ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్లు. ఇంకా, బుద్ధుడి విగ్రహాలు వరసగా పెట్టి అమ్ముతారు, వాటిని దేశం దాటించాలంటే అక్కడి లలిత కళల శాఖ అనుమతి ఉండాలి. మెడలో వేసుకునే చిన్న బిళ్లకి అక్కర్లేదు. ఈ-సిగరెట్లు ఎవరైనా అమ్ముతున్నా కొనొద్దు, అక్కడ నిషేధం. పోలీసులతో పనిపడితే టూరిస్ట్ పోలీస్ 1155, ఇంగ్లీష్ మాట్లాడతారు.

యాంకర్: థాంక్యూ బ్రదర్. నెక్స్ట్, సింగపూర్ నుంచి.

కాలర్ (సింగపూర్): హాయ్ మేడమ్. పోయిన నెల చియాంగ్ మాయ్‌లో ఆదివారం బజారుకి వెళ్లాం, థా ఫే గేట్ దగ్గర. సాయంత్రం ఉన్నట్టుండి జనమంతా ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. మేం వీడియో తీస్తూ నడుస్తూనే ఉన్నాం, ఎవరో భుజం తట్టి ఆపారు. చాలా ఇబ్బందిగా అనిపించింది.

అతిథి: ఆరు గంటలకి. జాతీయ గీతం, పొద్దున 8, సాయంత్రం 6. స్పీకర్లో వినిపించగానే మీరూ ఆగిపోవాలి. నిమిషం పైచిలుకు అంతే. వేయించే ఆవిడ కూడా గరిటె ఆపేస్తుంది. తెలియక చేశారు, వాళ్లకీ అర్థమవుతుంది. ఇప్పుడు తెలిసింది కదా.

యాంకర్: ఇంకో కాల్. రాజమండ్రి.

కాలర్ (రాజమండ్రి): మేడమ్, నేను ఎండు మామిడి ముక్కలు కొన్నాను. బోర్డు మీద 40 అని ఉంది. కిలో ఇమ్మన్నాను, 400 అడిగింది. ఇది మోసం కాదా? కొట్లో ఇంగ్లీష్ ఒక్క ముక్క రాదు, నేను బోర్డు చూపించి చూపించి...

అతిథి: 40 పక్కన చిన్న అక్షరాలున్నాయా?

కాలర్: ఉన్నాయి, వాళ్ల భాషలో.

అతిథి: ‘ఖీత్’ అని రాసి ఉంటుంది. ఖీత్ అంటే 100 గ్రాములు. ఎండు సరుకు, మిఠాయి దానితోనే చెబుతారు. 40 చొప్పున పది ఖీత్‌లు, 400. లెక్క సరిపోయింది. మోసం అని అరిచారా?

కాలర్: కొంచెం.

అతిథి: అదే నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది! గొంతు పెంచొద్దండీ. అర్థం కాకపోతే కాలిక్యులేటర్ ఇమ్మని సైగ చేయండి, కాటా మీద వేలు పెట్టి చూపించండి, నవ్వండి. పదంకెలు నేర్చుకోండి, గంట పని. నుంగ్, సోంగ్, సామ్, సీ, హా. ఐదుని హా అంటారు కాబట్టి వాళ్ల పిల్లలు ఫోన్లో నవ్వడానికి 555 అని కొడతారు. మీకు మెసేజ్‌లో 555 వస్తే ధర అనుకునేరు.

యాంకర్: [నవ్వు] సమయం దగ్గర పడింది. ఆఖరి కాల్. హలో?

కాలర్: హలో, నేనేనమ్మా, నరసరావుపేట. కట్ చేశారు మీరు.

యాంకర్: అమ్మా, త్వరగా.

కాలర్: ఆవకాయ తీసుకెళ్లొచ్చా? రాత్రి బజార్లో జే అన్నం కొనుక్కుని, వాళ్ల బల్ల మీదే కూర్చుని ఆవకాయ కలుపుకుంటే ఏమన్నా అంటారా?

అతిథి: అన్నం వాళ్ల దగ్గర కొన్నారు కాబట్టి ఏమీ అనరు. బయటి తిండి మాత్రమే తెచ్చుకుని ఆ బల్ల ఆక్రమిస్తే బాగోదు. చేత్తో కలుపుకుంటే కాస్త వింతగా చూస్తారు, వాళ్లు చెంచా, ఫోర్కుతో తింటారు. జిగురన్నం ఒక్కటే చేత్తో. చూస్తే చూడనివ్వండి, కొట్టామెకి కొంచెం రుచి చూపించండి. సీసా మూత గట్టిగా బిగించి పెద్ద సూట్‌కేస్‌లో పెట్టండి, చేతి సంచిలో వద్దు.

కాలర్: సరేనమ్మా, చల్లగా ఉండు. ఆ జెండా... ఎరుపు మీద పసుపా?

అతిథి: పసుపు మీద ఎరుపు పిన్ని గారూ.

కాలర్: పసుపు మీద ఎరుపు. బుజ్జీ, రాసుకున్నావా?

యాంకర్: థాంక్యూ అమ్మా. థాంక్యూ మేడమ్. రేపు ఇదే సమయానికి మళ్లీ కలుద్దాం.