బొమ్మ కింద పేరు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న అధ్యక్షుల వారికి, గ్రంథపాలకులకు, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకు, ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలకు, వెనక గోడవారన నిలబడ్డ అమ్మలకు పేరుపేరునా నమస్కారాలు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా ఈ వారోత్సవాలు జరుగుతాయి. ఏటా నన్ను పిలుస్తారు, ఏటా పఠనాసక్తి గురించే మాట్లాడమంటారు. ఈసారీ కరపత్రంలో అదే వేశారు. నేను ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు టీచరుగా చేసినదాన్ని, నాకు తెలిసింది బొమ్మ. అందుకని ఒక బొమ్మల మనిషి గురించి చెప్తాను. అధ్యక్షులు మన్నించాలి.

ఇదిగో, ఈ పుస్తకం చూడండి. వెనకవాళ్ళకి కనబడదు, తర్వాత చేతులు మారుద్దాం. 1960ల నాటి చందమామ పిల్లల మాసపత్రికలు. మా నాన్న పన్నెండు నెలలవీ కలిపి కుట్టించి, కాలికో గుడ్డతో అట్ట వేయించాడు. బేతాళ కథ మొదలయ్యే పేజీల అంచులు మాత్రం నల్లబడి ఉంటాయి. అది మా నాయనమ్మ చేతి మసి. పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆ బొమ్మ మీద వేలుపెట్టి మాకు కథ చెప్పేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. భుజాన శవం, చేతిలో దూసిన కత్తి, శ్మశానంలో నడిచిపోతున్న రాజు. "చూడవే, అంత బరువు మోస్తున్నాడా, అడుగు తడబడిందా?" అనేది. అక్కణ్ణుంచి కథ ఎటు పోయేదో ఆవిడకే తెలియాలి. నాకు చదవడం వచ్చాక చూసుకుంటే, లోపల అచ్చయిన కథ పూర్తిగా వేరు! రెండూ నాకు ఇష్టమే.

ఆ బొమ్మ గీసినాయన శంకర్. అసలు పేరు కె.సి. శివశంకరన్. తెలుగువాడు కాదు, 1924లో తమిళనాట పల్లెటూళ్ళో పుట్టాడు. మద్రాసు ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ స్కూల్లో చదివాడు. పేరుమోసిన శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న రోజులవి. తర్వాత కొన్నాళ్ళు ఒక తమిళ పత్రికలో చేసి, 1952లో చందమామలో చేరాడు. చేరినవాడు చేరినట్టే, పత్రిక ఆగిపోయేదాకా దాదాపు 60 ఏళ్ళు అక్కడే! పట్టు వదలని విక్రమార్కుడంటే ఆ బొమ్మలోని రాజా, ఆ బొమ్మ గీసిన మనిషా?

పిల్లలూ, మీకో పని చెప్తాను. ఇంటికెళ్ళి ఒక కాగితానికి రూపాయి బిళ్ళంత కన్నం చెయ్యండి. బేతాళుడి బొమ్మ మీద దాన్ని పెట్టి రాజు కాళ్ళు మాత్రమే చూడండి. తర్వాత భుజం, తర్వాత కత్తి పట్టుకున్న పిడికిలి. నా క్లాసులో ఏటా చేయించేదాన్ని ఇది. భుజం మీద శవం ఉందని తెలియకపోయినా, ఏదో బరువు మోస్తున్నాడని ఆ నడకే చెప్పేస్తుంది. అప్పట్లో గీతబొమ్మని జింకు బ్లాకు, అంటే జింకు రేకు మీద అచ్చు, చేసి ముద్రించేవారు. బ్లాకులో నలుపుంటుంది, తెలుపుంటుంది, మధ్యరకం ఉండదు. చీకటి కావాలా, గీతలు ఒత్తుగా పడాలి. వెలుగు కావాలా, కాగితాన్ని ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ఎక్కడ వదిలెయ్యాలో తెలియడమే విద్య. అది నేర్పడానికి నాకు మూడు తరగతులు పట్టేది, కొందరికి పదో తరగతికి గానీ పట్టుబడేది కాదు.

ఇంకో మాట. చందమామ 1947 జులైలో తెలుగులో, తమిళంలో మొదలై, తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ, ఒడియా, ఇలా పదికి పైగా భాషల్లోకి వెళ్ళింది. కథని ఏ భాషకా భాష తిరగరాయాలి. బొమ్మ మాత్రం అదే. మద్రాసు వడపళనిలో ఒక మనిషి గీసిన రాజు కటక్‌లో పిల్లాడికీ రాజే, మన అనకాపల్లిలో పిల్లాడికీ రాజే. సంస్కృతంలో బేతాళుడి కథలు 25. చందమామలో వందలకొద్దీ కథలు బేతాళుడి నోట పలికాయి. ఆ కొత్త కథలు రాసినవాళ్ళు ఎందరో. వాటన్నిటినీ ఒక్క గొలుసుగా పట్టి ఉంచింది ఆ మొదటి పేజీ బొమ్మే అని నా నమ్మకం.

మన పక్కనే కశింకోటలో ఉన్న వపా గారి మాట ఎత్తకపోతే మీరు నన్ను దిగనివ్వరు. వడ్డాది పాపయ్య గారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, 1992లో పోయారు. ఏళ్ళ తరబడి చందమామ ముఖచిత్రాలు ఆయనవే. ఆ రంగుల గురించి చెప్పాలంటే ఇంకో సభ కావాలి. సీరియళ్ళకి బొమ్మలు వేసిన చిత్ర గారు ఉన్నారు, ఎం.టి.వి. ఆచార్య గారున్నారు. నేనీ పేర్లు ఇంత గబగబా చెప్పగలుగుతున్నాను, ఎందుకు? బొమ్మ మూలన సంతకం ఉండేది కనక. ఎనిమిదేళ్ళ పిల్లలం, సంతకం మూసేసి, గీత చూసి ఇది చిత్ర, ఇది శంకర్ అని పందేలు వేసుకునేవాళ్ళం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీనికోసమే వచ్చాను.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు వేసింది. పేరు చెప్పొద్దంది, చెప్పను. 32 బొమ్మలు. నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని వేసింది. ఒక కథలో మేక పాత్ర ఉంటే, వీధి చివర కట్టేసిన మేక దగ్గర రెండు సాయంత్రాలు కూర్చుంది. మేక కనుపాప అడ్డంగా ఉంటుందని ఇక్కడ ఎంతమందికి తెలుసు? ఆ పిల్లకి తెలుసు. పుస్తకం వచ్చింది, వాళ్ళమ్మ స్వీట్లు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆవిడ టైలరు. అట్ట చూసింది, లోపలి పేజీ చూసింది, వెనకట్ట చూసింది. రచయిత పేరుంది. ముందుమాట రాసినవారి పేరుంది. డీటీపీ చేసినవారి పేరుంది. ప్రెస్సు పేరుంది. "టీచరు గారూ, మా పిల్ల పేరు ఎక్కడుందో చూపించండి, నాకు కళ్ళజోడు లేదు" అంది.

నేనేం చూపించను?

ఆ ప్రచురణకర్తకి ఉత్తరం రాశాను. డబ్బులిచ్చేశాం కదమ్మా అన్నారు. నిజమే, ఇచ్చారు. బట్ట కుట్టినందుకు డబ్బులు, బొమ్మ వేసినందుకు డబ్బులు. కానీ కథ రాసినాయనకి డబ్బులిచ్చి పేరు తీసేస్తారా? అయ్యా, తీసేస్తారా? అక్షరం రాని మా నాయనమ్మకి పుస్తకమంటే బొమ్మే. ఇంకా అక్షరం రాని మూడేళ్ళ పిల్లకీ అంతే. అలాంటప్పుడు ఆ పుస్తకం ఎవరు చెప్పినట్టు వాళ్ళకి?

శంకర్ గారు 2020 సెప్టెంబరులో, 96 ఏళ్ళ వయసులో పోయారు. నాలుగు నెలలకి పద్మశ్రీ ప్రకటించారు. ఆయన చూసుకోలేదు. కనీసం మూలన సంతకం ఉంది కాబట్టి ఎవరికివ్వాలో తెలిసింది. ఈ అమ్మాయికి ఎవరు ఏమివ్వాలన్నా, ఎవరని ఇస్తారు?

పిల్లలూ, మీ చేతుల్లో బహుమతి పుస్తకాలున్నాయి కదా, తియ్యండి. బొమ్మలు వేసినవాళ్ళ పేరు వెతకండి. దొరికినవాళ్ళు చెయ్యెత్తండి. నాలుగు, అయిదు. అంతేనా? ఎంతమందికి ఇచ్చారండీ? ఇరవై మందికి.

గ్రంథపాలకులు గారూ, మీ మీద ఫిర్యాదు కాదు. నిన్న మీ రిజిస్టరు చూశాను. వరస సంఖ్య, పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర. గడి గీసి ఉన్నదాన్ని మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. రచయిత గడిలో కింద కాస్త ఖాళీ ఉంటుంది. పిల్లల పుస్తకమైతే అక్కడ సన్నగా బొమ్మలు వేసినవారి పేరు రాయండి. పుస్తకంలో లేకపోతే కనుక్కుని రాయండి, నేను తిరుగుతాను, ఫోన్లు చేస్తాను, ఖాళీగానే ఉన్నాను.

మా నాన్న బైండు చేయించిన ఈ పుస్తకం ఇవాళ్టి నుంచి ఈ గ్రంథాలయానిదే. మసి అంటిన పేజీలు మాత్రం ఎవరూ తుడవొద్దు. రిజిస్టరు ఇటు తెప్పించండి బాబూ. రచయిత గడిలో మీరు ఏం రాస్తారో రాయండి. దాని కింద పేర్లు నేను చెప్తాను.